చలికాలంలో కారు షెడ్డుకు ఎపాక్సీ వేయాలంటే

మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళకు ఫ్లోరింగ్ పని సరిగ్గా పుష్యంలో వచ్చి పడుతుంది. హనుమకొండ, కాజీపేట కాలనీల్లో కారు షెడ్డుకు పార్కింగ్ టైల్స్ బదులు ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి నేల మీద పూస్తే గట్టిపడే పూత) వేయించుకుందామనుకునేవాళ్ళు చలికాలంలోనే ఎక్కువగా అడగడానికి కారణం ఇదే. ఈ కాలంలో వేయొచ్చా అంటే, వేయొచ్చు. వరంగల్‌లో డిసెంబరు, జనవరిలో కూడా మధ్యాహ్నం 28, 29 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది. అయితే ఆ మధ్యాహ్నాన్ని చూసి మోసపోవద్దు. పనిని చెడగొట్టేది రాత్రి 14, 15 డిగ్రీలకు పడిపోయే చలి, తెల్లవారుజామున కురిసే మంచు. పైగా గాలి ఎంత వెచ్చగా ఉందన్నది ఇక్కడ పెద్ద లెక్క కాదు. నేల ఎంత వెచ్చగా ఉందో చూసుకోవాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దాని చుట్టూ తిరిగేవే.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉండేవాళ్ళకు ముందే ఒక మాట. చలిగాలులు వీచే రోజుల్లో అక్కడ రాత్రి 10 డిగ్రీల కిందికి, ఒక్కోసారి 5, 6 డిగ్రీలకు కూడా దిగుతుంది. మామూలు హార్డెనర్‌తో వచ్చే ఎపాక్సీ 10 డిగ్రీల కింద దాదాపు గడ్డకట్టడం మానేస్తుంది. చలికి పనికొచ్చే ఫాస్ట్ హార్డెనర్ వేరే ఉంటుంది, దాన్ని అడిగి తెప్పించుకోండి. తొందర లేకపోతే శివరాత్రి దాకా ఆగండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ తర్వాత రెండు మూడు వారాలు ఈ పనికి ఏడాది మొత్తంలో మంచి రోజులు. చలీ ఉండదు, వానా ఉండదు, ఎండ ఇంకా ముదరదు.

ముందు నేలను చూడండి

కాంక్రీటు పోసి 28 రోజులు నిండాలి. చలికాలంలో ఇంకో పది రోజులు ఆగితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ కాలంలో లోపలి నీరు తొందరగా ఆరదు. ఆరిందో లేదో కంటితో చూసి చెప్పలేం. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి తీసుకుని నేల మీద పరిచి, నాలుగు వైపులా సందు లేకుండా టేపు అంటించండి. కనీసం 16 గంటలు, వీలైతే ఒక రోజంతా అలాగే వదిలేయండి. తీసినప్పుడు కవరు లోపలి వైపు నీటి చుక్కలు ఉన్నా, కింద కాంక్రీటు రంగు ముదిరినా నేలలో చెమ్మ ఉన్నట్టే. తెల్లవారి కవరు పైన కనబడే తడి మంచుది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మన దగ్గర షెడ్డు నేల ఎలా పోస్తారో మీకు తెలిసిందే. మొరం నింపి, నీళ్ళు కొట్టి, దిమ్మిస చేసి, మీద కాంక్రీటు వేస్తారు. మొరానికీ కాంక్రీటుకూ మధ్య ప్లాస్టిక్ షీటు వేసేవాళ్ళు తక్కువ. అందుకని కింది చెమ్మ మెల్లగా పైకి ఎక్కుతూనే ఉంటుంది. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు పక్కన ఉండేవాళ్ళు, 2020 ఆగస్టులోనో 2023 జులైలోనో నీళ్ళొచ్చిన వీధుల్లో ఉండేవాళ్ళు ఈ పరీక్ష ఒక్క చోట చేసి ఊరుకోవద్దు. గోడ పక్కన ఒకటి, మధ్యలో ఒకటి, గేటు దగ్గర ఒకటి చేయండి. చెమ్మ కొంచెమే ఉంటే ఎపాక్సీ కంటే ముందు పూసే ప్రైమర్‌లో తడికి తట్టుకునే రకం వాడొచ్చు. కవరు నిండా చుక్కలు పడితే మాత్రం ఎపాక్సీ ఆలోచన మానుకుని టైల్స్ వేయించుకోవడమే మేలు. లేకపోతే కింది నుంచి వచ్చే చెమ్మ పూతను బుడగలు బుడగలుగా లేపేస్తుంది. అప్పుడు దాన్ని గీకి తీయడానికయ్యే ఖర్చు వేసినదానికంటే ఎక్కువవుతుంది.

తర్వాత నూనె మరకలు. ఇంజిన్ ఆయిల్ సంగతి అందరికీ గుర్తుంటుంది. కార్తీకమాసమంతా గడప పక్కన, మెట్ల దగ్గర పెట్టిన దీపాల నూనె సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ నల్లటి మచ్చల మీద ఎపాక్సీ పట్టదు. మరక మీద రంపపు పొట్టు గానీ పొడి సిమెంటు గానీ చల్లి ఒక రాత్రి ఉంచండి. ఊడ్చేసి, వేడినీళ్ళలో డిటర్జెంట్ కలిపి గట్టి బ్రష్‌తో రుద్దండి. ఆరాక ఒక్క నీటి చుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే నూనె ఇంకా ఉంది, మళ్ళీ రుద్దాలి. చుక్క పరుచుకుని కాంక్రీటు నల్లబడితే పోయినట్టే. గేటు ముందు ఎనామిల్ పెయింటుతో శాశ్వతంగా వేయించిన ముగ్గు ఉంటే అది కూడా పోవాలి. ఇంట్లో ఆడవాళ్ళకు ముందే చెప్పి ఒప్పించుకోండి.

గ్రైండింగ్ తప్పదు

"గచ్చు మంచిగనే ఉంది సార్, గ్రైండింగ్ ఎందుకు దండుగ?" అని మేస్త్రీ అంటాడు. గచ్చు నున్నగా ఉండటమే ఇక్కడ సమస్య. మన మేస్త్రీలు చివర్లో పొడి సిమెంటు చల్లి తాపీతో మెరిసేలా నున్నగా తోముతారు. ఆ పైపొర పలచగా, కింది కాంక్రీటుకు గట్టిగా అతుక్కోకుండా ఉంటుంది. ఎపాక్సీ ఆ పొరను బాగానే పట్టుకుంటుంది, కానీ కారు టైరు తిరిగినప్పుడు ఆ పొరే ఊడి వచ్చేస్తుంది. ఎపాక్సీ లేచిపోయిందని తిట్టుకునే చాలా చోట్ల ఆ పెచ్చును తిప్పి చూడండి, వెనకాల బూడిదరంగు సిమెంటు అంటుకుని ఉంటుంది.

చాలామంది గ్రైండింగ్ బదులు యాసిడ్ కడుగుతారు. చలికాలంలో నేనైతే యాసిడ్ వద్దంటాను. యాసిడ్ పోశాక నేలను నాలుగైదు సార్లు నీళ్ళతో కడగాలి, ఆ నీళ్ళు ఆరడానికి ఈ చలిలో మూడు నాలుగు రోజులు పడుతుంది. ఎండబెట్టుకున్న నేలను మన చేతులతో మనమే మళ్ళీ తడిపినట్టు. మార్బుల్, గ్రానైట్ పాలిష్ చేసేవాళ్ళ దగ్గర గ్రైండింగ్ మిషన్ కిరాయికి దొరుకుతుంది. చిన్న షెడ్డయితే చేతి గ్రైండర్‌కు డైమండ్ కప్ వీల్ బిగించి చేసుకోవచ్చు. అరచేతితో రాస్తే గరుకు కాగితం తగిలినట్టు ఉండాలి, నున్నగా తగిలే చోటు ఎక్కడా మిగలకూడదు. కాంక్రీటు దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. పని అయ్యాక చీపురుతో ఊడ్చి ఊరుకోకుండా వాక్యూమ్ పెట్టించండి. చీపురు దుమ్మును గుంటల్లోకి తోస్తుందే తప్ప తీయదు.

పగుళ్ళు ఉంటే గ్రైండర్ అంచుతో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము తీసి, ఎపాక్సీ పుట్టీ నింపి ఆరాక సమం చేయండి.

ఎంత కావాలి

లెక్క తేలికే. ఒక లీటరును ఒక చదరపు మీటరులో పరిస్తే ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. కారు షెడ్డుకు ఒక కోటు 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు వేస్తే చాలు. కాబట్టి థిన్నర్ కలవని ఎపాక్సీ లీటరు నాలుగు చదరపు మీటర్లకు వస్తుంది. పది అడుగులకు పద్దెనిమిది అడుగుల షెడ్డంటే 180 చదరపు అడుగులు, దాదాపు 17 చదరపు మీటర్లు. కోటుకు నాలుగు లీటర్ల పైచిలుకు, రెండు కోట్లకు తొమ్మిది లీటర్లు. ప్రైమర్ వేరే. గ్రైండింగ్ చేసిన కాంక్రీటు బాగా పీల్చుకుంటుంది కాబట్టి మూడు లీటర్లు దగ్గర పెట్టుకోండి. అమ్మేవాళ్ళు కేజీల్లో చెబితే లీటర్లలోకి మార్చి చెప్పమనండి. రంగు కలిపిన ఎపాక్సీ లీటరు కేజీ కంటే బరువుంటుంది, కేజీలే లీటర్లనుకుంటే కొంత నేల మిగిలిపోతుంది.

వేసే రోజు

ముందు రోజు రాత్రే డబ్బాలు షెడ్డులోంచి ఇంట్లోకి తెచ్చి పెట్టుకోండి. చల్లటి రెసిన్ చిక్కగా ఉంటుంది, సరిగ్గా కలవదు, కలిపేటప్పుడు చేరిన గాలి బయటికి పోక బుడగలుగా మిగులుతుంది. డబ్బా తీశాక రెసిన్ చలికి నెయ్యి పేరుకున్నట్టు పలుకులు పలుకులుగా కనిపిస్తే పాడైపోయిందనుకుని పారేయకండి. మూత బిగించి వేడినీళ్ళ టబ్బులో పెడితే కరిగి మామూలుగా అవుతుంది. ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగాక, చల్లారనిచ్చి వాడండి. నీటి చుక్క మాత్రం లోపల పడనీయకండి.

ఇక నేల వేడి. దీనికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన గన్ ఇంట్లో ఉంటే, అందులో సర్ఫేస్ మోడ్ ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది. అది నొక్కకపోతే జ్వరం కొలిచే లెక్కలే చూపిస్తుంది. నేల 15 డిగ్రీలకు తక్కువ ఉంటే మొదలుపెట్టవద్దు. డబ్బా మీద 10 అని రాసి ఉన్నా సరే, ఎందుకంటే రాత్రికి ఇంకో నాలుగైదు డిగ్రీలు పోతుంది.

దాంతో పాటు డ్యూ పాయింట్ చూడాలి. గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత అది. నేల దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: 100లోంచి తేమ శాతం తీసేసి, మిగిలినదాన్ని 5తో భాగించి, వచ్చిందాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. ఉదయం 8 గంటలకు గాలి 17 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం. 15ను 5తో భాగిస్తే 3, అంటే డ్యూ పాయింట్ 14. నేల 15న్నర ఉంటే తేడా ఒకటిన్నరే, ఆగాలి. 11 గంటలకు గాలి 25, తేమ 50 శాతం అయితే డ్యూ పాయింట్ 15. అప్పటికి నేల 20కి వస్తే తేడా 5 డిగ్రీలు, ఇక మొదలుపెట్టొచ్చు. తేమ ఫోన్‌లో చూసినా ఫరవాలేదు గానీ, షెడ్డులో పెట్టే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల్లో వస్తుంది, అదుంటే అనుమానం ఉండదు.

అందువల్ల పదిన్నర, పదకొండుకు మొదలుపెట్టి రెండింటిలోపు ముగించాలి. చీకటి పడి చలి దిగేలోపు పూతకు నాలుగు గంటలైనా వెచ్చదనం దక్కాలి. తూర్పు ముఖం ఇళ్ళలో పొద్దున ఎండ నేరుగా నేల మీద పడుతుంది. ఎండ పడుతుండగా పూస్తే కాంక్రీటు రంధ్రాల్లోని గాలి వేడికి వ్యాకోచించి బుడగలు తేలతాయి. ఎండ పక్కకు జరిగాక పూయండి, లేదా ముందు రోజే ఒక పరదా కట్టుకోండి.

కలిపేటప్పుడు ఒక మాట చెవిన పడుతుంది: "హార్డెనర్ జర ఎక్కువ పోద్దాం సార్, చలికి జల్ది గట్టిపడ్తది." ఫైబర్ పనిలో చేయి తిరిగినవాళ్ళ దగ్గర ఇది ఎక్కువగా వింటాం. ఫైబర్‌కు వాడే పాలియెస్టర్ రెసిన్‌లో ఆ రోజు వేడిని బట్టి క్యాటలిస్ట్ చుక్కలు కొంచెం అటూ ఇటూ చేస్తారు, అది వాళ్ళకు అలవాటు. ఎపాక్సీ అలాంటిది కాదు. ఇక్కడ హార్డెనర్ పక్కన నిలబడి పని నడిపించేది కాదు, తానే రెసిన్‌తో కలిసి పూతగా మారుతుంది. ఎక్కువ పోస్తే మిగిలిపోయిన హార్డెనర్ పూతను మెత్తగా, జిగటగా ఉంచేస్తుంది. డబ్బా మీద ఉన్న పాళ్ళు ఎంతో అంతే. పాళ్ళు బరువులో ఇచ్చారా, కొలతలో ఇచ్చారా అన్నది కూడా చూసుకోండి.

డ్రిల్లుకు కలిపే రాడ్ బిగించి నెమ్మదిగా మూడు నిమిషాలు కలపండి. వేగంగా తిప్పితే గాలి చేరుతుంది. బకెట్ అడుగు, అంచులు గరిటతో గీకి, మొత్తం ఇంకో శుభ్రమైన బకెట్‌లోకి వంచి మరో నిమిషం తిప్పండి. మొదటి బకెట్ గోడలకు అంటుకున్నది సరిగ్గా కలిసి ఉండదు, దాన్ని గీకి నేల మీద పోస్తే అక్కడ ఎన్నాళ్ళైనా ఆరని మచ్చ మిగులుతుంది. కలిపిన వెంటనే బకెట్ ఖాళీ చేసి నేల మీద పొడుగ్గా పోసేయాలి. చలికాలం కదా, టైమ్ ఉందిలే అని బకెట్‌లో ఉంచితే, కుప్పగా ఉన్న ఎపాక్సీ తన వేడికి తానే కాగి అక్కడే గట్టిపడుతుంది. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, గుడ్డతో తుడిచి సబ్బుతో కడుక్కోండి.

ముందు అంచులు బ్రష్‌తో, తర్వాత లోపలి గోడ నుంచి గేటు వైపుగా రబ్బర్ వైపర్‌తో పరిచి రోలర్‌తో సమం చేస్తూ రండి. ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పూయాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ర్యాంపు దగ్గర, వాన జల్లు పడే చోట మొదటి కోటు తడి మీదే సన్నటి సిలికా ఇసుక చల్లండి. మరుసటి రోజు అంటుకోనిది ఊడ్చేసి రెండో కోటు వేస్తే జారకుండా ఉంటుంది.

మొదటి రాత్రి

కాజీపేటలో ఒక ఇంట్లో చూశాను. పూసినవాళ్ళు సాయంత్రం ఐదింటికి పని ముగించి, వాసన పోవాలని షట్టరు రెండడుగులు ఎత్తి పెట్టి వెళ్ళిపోయారు. తెల్లారేసరికి లోపలంతా అద్దంలా ఉంది, షట్టరు దగ్గర మాత్రం గోడ నుంచి గోడ దాకా తెల్లటి పట్టీ. తడి చేత్తో రాస్తే సబ్బు రాసినట్టు జారుతోంది. చల్లటి తేమ గాలి తగిలినప్పుడు హార్డెనర్‌లోని అమైన్లు, గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కలిసి పైన ఇలాంటి పొర కడతాయి. దీన్ని అమైన్ బ్లష్ అంటారు. దాని మీదే రెండో కోటు వేస్తే అది తప్పకుండా లేచిపోతుంది.

కాబట్టి వాసన పోయేలా సాయంత్రం నాలుగున్నర దాకా తెరిచి ఉంచి, తర్వాత షట్టరు మూసేయండి. గ్రిల్ ఉన్న పోర్టికో అయితే నేలకు తగలకుండా ప్లాస్టిక్ షీటు కట్టండి. వెచ్చదనం కోసం కుంపటి, గ్యాస్ స్టవ్ లాంటివి పెట్టకండి. మంట నుంచి వచ్చేవి సరిగ్గా ఆ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరే. ప్రైమర్‌లో థిన్నర్ ఉంటే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. థిన్నర్ లేనిదైతే ఎలక్ట్రిక్ హీటరో, రెండు హాలోజన్ లైట్లో చాలు. మరో ముఖ్యమైన సంగతి: పొద్దున్నే లేచి వాకిట్లో సాన్పు చల్లేవాళ్ళకు, నీళ్ళు కొట్టేవాళ్ళకు ముందే చెప్పి పెట్టండి. వీధి పిల్లులకు చెప్పలేం కాబట్టి షట్టరు కింది సందులో ఒక గోనెపట్టా దూర్చండి.

ఉదయం మంచు విడిచాకే షట్టరు తీయండి. బ్లష్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. థిన్నర్‌తో తుడిస్తే అది పోదు, పరుచుకుంటుంది. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. తర్వాత 100 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, దుమ్ము తీసి రెండో కోటు వేయండి. బ్లష్ లేకపోతే గోరుతో నొక్కి చూడండి. గాటు పడకుండా, జిగట లేకుండా ఉంటే రెండో కోటుకు సిద్ధం. రెండు రోజులు దాటిపోతే బ్లష్ ఉన్నా లేకున్నా గరుకు కాగితం పెట్టాల్సిందే.

పోర్టికోలో రోజూ ఎండ పడే చోటయితే చివరన పాలీయురెథేన్ టాప్‌కోట్ వేయించండి. ఎపాక్సీ ఎండకు పసుపురంగుకు తిరుగుతుంది.

కారు ఎప్పుడు పెట్టాలి

డబ్బా మీద రాసిన టైములు 25 లేదా 30 డిగ్రీల లెక్కవి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆ టైము దాదాపు రెట్టింపు అవుతుందని లెక్కేసుకోండి. 24 గంటల్లో నడవొచ్చని ఉంటే రెండు రోజులు ఆగండి. కారుకు ఏడు రోజులని ఉంటే రెండు వారాలు వీధిలో పెట్టుకోండి. మేడారమో వేములవాడో వెళ్ళొచ్చిన కారు టైరు బాగా వేడిగా ఉంటుంది, పూర్తిగా గట్టిపడని పూత ఆ వేడికి మెత్తబడి టైరుతో పాటే లేస్తుంది.

తేదీ లెక్క మీద నమ్మకం కుదరకపోతే ఒక మూల పరీక్ష చేయండి. టాప్‌కోట్ వేయని చోట, తెల్లటి గుడ్డకు కొంచెం నెయిల్ పాలిష్ రిమూవర్ తడిపి ఇరవై సార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు బాగా అంటి, రుద్దిన చోట వేలు అతుక్కుంటుంటే ఇంకా గట్టిపడలేదు. కారును బయటే ఉంచి, మూడు రోజుల తర్వాత ఆ పక్కనే ఇంకో చోట రుద్ది చూడండి.